ఆయిల్ మార్చారా, మార్పించారా?

డల్లాస్ వచ్చిన కొత్తల్లో, ఓ సోమవారం ఆఫీసులో మాటల మధ్య "ఐ చేంజ్డ్ ద ఆయిల్ ఇన్ మై కార్" అన్నాను. పక్క సీటాయన ముఖం వెలిగిపోయింది. ఏ గ్రేడ్ ఆయిల్ పోశావు, ఫిల్టర్ కూడా మార్చావా, పాత ఆయిల్ ఏం చేశావు అని వరసగా అడుగుతున్నాడు. నేను షాపులో కాఫీ తాగుతూ కూర్చున్నానని చెప్పక తప్పలేదు. ఇక్కడ తమ కారు కిందికి తామే దూరేవాళ్లు బోలెడుమంది, అందుకే నమ్మేశాడు.

తెలుగులో అయితే మనకు ఈ తికమక ఉండదు. కుట్టాను, కుట్టించాను, మార్చాను, మార్పించాను. 'ఇంచు' తగిలిస్తే చాలు, చేసింది వేరేవాళ్లని తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ ఇంచు లేదు. హావ్ గానీ గెట్ గానీ వాడి, వస్తువును మధ్యలో పెట్టాలి: "ఐ హ్యాడ్ ద ఆయిల్ చేంజ్డ్." మాటల వరస జాగ్రత్త. "ఐ హ్యాడ్ చేంజ్డ్ ద ఆయిల్" అన్నారంటే అంతకుముందే నేనే మార్చేశానని అర్థం. ఒక్క మాట జరిగిందంటే మెకానిక్ మాయమై, మళ్లీ మీరే కారు కింద తేలతారు.

మనుషుల చేత చేయించడం ఇంకో తంటా. మనకు 'చేయించు' ఒక్కటే, వాళ్లకు బరువును బట్టి మాట మారుతుంది. "ఐ మేడ్ మై మేనేజర్ అప్రూవ్ ఇట్" అంటే ఆవిడ మెడలు వంచినట్టు. నచ్చజెప్పి ఒప్పిస్తే "ఐ గాట్ హర్ టు అప్రూవ్ ఇట్". మామూలుగా పురమాయించడానికి హావ్: "ఐల్ హావ్ హిమ్ కాల్ యూ." గెట్ తర్వాత 'టు' వస్తుంది, మిగతా రెండింటికీ రాదు.

ఇక ప్యాసివ్ వాయిస్. బళ్లో 'రామునిచే రావణుడు చంపబడెను' అని బట్టీపట్టి, ఇదేదో నోటితో అనని వ్యవహారం అనుకున్నాం. మన అసలు ప్యాసివ్ అది కాదు. "కరెంటు తీసేశారు", "రోడ్డు తవ్వేశారు" అంటాం కదా, అదీ. ఎవరు తవ్వారు? ఎవరైతేనేం! దాన్నే ఇంగ్లీషులోకి తెచ్చి ప్రతిదానికీ 'దే' అంటే, ఆ 'దే' ఎవరా అని వినేవాళ్లు వెతుక్కుంటారు. కర్త లేని ఆ 'శారు' నాలుక మీదికి వచ్చినప్పుడల్లా "ద పవర్ వాజ్ కట్ ఆఫ్" లాంటిది వాడండి.

ఉద్యోగం పోయినప్పుడు మరీ ముఖ్యం. 'తీసేశారు' అని మనసులో అనుకుని "దే రిమూవ్డ్ మీ" అనకండి. ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీ పంపేస్తే "ఐ వాజ్ లెయిడ్ ఆఫ్". "ఐ వాజ్ ఫైర్డ్" కూడా ప్యాసివే, కానీ అది వింటే తప్పు మీదే అనుకుంటారు. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో కొలువు చూసుకోవడానికి మహా అయితే 60 రోజుల గడువు. రిక్రూటర్ ఫోన్ ఎత్తే ముందే ఆ మూడు నాలుగు మాటలూ అద్దం ముందు అనుకుని చూసుకోండి.