ఒకే మాయ పంచుకున్న కవలలు: ఇంటి డబ్బు కదపాలా, ఆపాలా?

ప్రశ్న: నా భార్యకు ఇప్పుడు 15వ వారం. కవలలు. ఇద్దరికీ మాయ (ప్లాసెంటా) ఒకటేనని, అందుకే హై రిస్క్ అని చెప్పి, కడుపులోని బిడ్డల్ని చూసే ఫీటల్ మెడిసిన్ స్పెషలిస్ట్ దగ్గరికి పంపారు. 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్‌కి రమ్మన్నారు. ఇద్దరం ఉద్యోగస్తులమే. ఇంటి డౌన్ పేమెంట్ కోసం దాచిన డబ్బు ఉంది, వచ్చే నెల అగ్రిమెంట్ రాసుకోవాలి. ఇల్లు ఇప్పుడు కొనొచ్చా? కాన్పు కోసం కొత్తగా ఇన్సూరెన్స్ తీసుకోవాలా? అన్ని స్కాన్లు నిజంగా అవసరమా?

జవాబు: ముందు ఇంటి సంగతి తేల్చేద్దాం. అగ్రిమెంట్ వాయిదా వేయండి. పిల్లలిద్దరూ ఇంటికొచ్చి, హాస్పిటల్ ఫైనల్ బిల్లు కట్టేశాక ఆ మాట మళ్లీ ఎత్తండి. ఈలోగా ఇంటి ధర కాస్త పెరగొచ్చు, అసలు ఈ ఇల్లే చేజారిపోవచ్చు. అది నష్టమే, కాదనను. కానీ డౌన్ పేమెంట్ కట్టేసి, ఈఎంఐ మొదలై, అదే సమయంలో ఒక జీతం ఆగిందనుకోండి. బిల్లు కట్టడానికి ఇంట్లో ఒక గది అమ్ముకోలేం కదా.

ఇప్పుడు స్కాన్ల గురించి. మీ ప్రశ్నలో ఉన్న అనుమానం నాకు అర్థమైంది, బిల్లు పెంచడానికే రమ్మంటున్నారా అని. కాదు. ఒకే మాయ ఉన్న కవలలకు 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ చేయడం ప్రపంచమంతా పాటించే పద్ధతే. మాయలో రక్తనాళాలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. దాంతో ఒక్కోసారి ఒక బిడ్డ రక్తం ఇంకో బిడ్డకు ఎక్కువగా వెళ్లిపోతుంది. ఒకరి చుట్టూ ఉమ్మనీరు బాగా తగ్గిపోతుంది, ఇంకొకరి చుట్టూ విపరీతంగా పెరుగుతుంది. ఇలాంటి గర్భాల్లో సుమారు 10 నుంచి 15 శాతంలో ఈ సమస్య వస్తుంది. అంటే ఎక్కువ మందికి రాదు. వస్తే మాత్రం చాలా త్వరగా ముదురుతుంది.

దీనికి చికిత్స ఉంది. సన్నటి గొట్టం లాంటి పరికరాన్ని గర్భసంచిలోకి పంపి, కలిసిపోయిన ఆ రక్తనాళాలను లేజర్‌తో మూసేస్తారు. 2004లో వచ్చిన ఒక యూరోపియన్ పరిశోధనలో దీన్ని పాత పద్ధతితో, అంటే ఎక్కువైన ఉమ్మనీరు తీసేయడంతో, పోల్చి చూశారు. కనీసం ఒక బిడ్డ 28 రోజుల వయసు దాటిన గర్భాలు లేజర్ చేసినవాళ్లలో 76 శాతం, రెండోవాళ్లలో 56 శాతం. ఈ లెక్కలు మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. లేజర్ చేసే సెంటర్లు కొన్నే ఉంటాయి, నిర్ణయం ఒకటి రెండు రోజుల్లో తీసుకోవాల్సి రావచ్చు. ఆ రెండు రోజుల్లో డబ్బు మీ చేతిలో ఉండాలి. అందుకే స్కాన్ల మీద ఒక్క పైసా ఆదా చేయొద్దంటున్నాను. మొత్తం ఖర్చులో అది చిన్న వాటా, పైగా ఎప్పుడు ఎంత కట్టాలో ముందే తెలిసే ఖర్చు.

చాలామంది ఆపరేషన్ పేరు వినగానే అదే పెద్ద ఖర్చనుకుంటారు. అది ఒక్కసారి కట్టేది, ముందే అంచనా ఇస్తారు. జేబు నిజంగా ఖాళీ చేసేది ఎన్‌ఐసీయూ, అంటే పసికందుల ఐసీయూ, ఎందుకంటే అక్కడ ఎన్ని రోజులో ఎవరూ చెప్పలేరు. కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు. మీలాంటి కేసుల్లో అయితే ఏ ఇబ్బందీ లేకపోయినా 36వ వారం దగ్గరే కాన్పు చేసేస్తారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అసలు డ్యూ డేట్ (40 వారాలు) దగ్గరపడేదాకా హాస్పిటల్లో ఉండొచ్చన్నది ప్లానింగ్‌కి పనికొచ్చే లెక్క. 32 వారాలకు పుడితే 8 వారాలు, అంటే 56 రోజులు. ఇద్దరు పిల్లలు, రెండు బెడ్లు, రెండు బిల్లులు, కాబట్టి 112 రోజుల బిల్లు. ఇంతకంటే ముందే పంపించేసేవాళ్లూ ఉన్నారు. డబ్బు మిగిలితే మంచిదే.

హాస్పిటల్ బిల్లింగ్ కౌంటర్‌కి వెళ్లి "ఎన్‌ఐసీయూ రోజుకి ఎంత?" అని అడిగితే ఒకే అంకె చెప్పి పంపిస్తారు. అలా అడగకండి. వెంటిలేటర్ మీద ఉన్న రోజుకి ఎంత, సీప్యాప్ (ముక్కు ద్వారా గాలి ఒత్తిడితో ఊపిరికి సాయం చేసే మెషీన్) మీద ఉన్న రోజుకి ఎంత, ఊపిరి బాగానే తీసుకుంటూ పాలు తాగి బరువు పెరగడం కోసం మాత్రమే ఉంచిన రోజుకి ఎంత, మూడూ విడివిడిగా రాయించుకోండి. మందులు, రక్తపరీక్షలు అందులోనే కలిసి ఉన్నాయో లేదో కూడా. చివరి రకం రోజులే ఎక్కువుంటే బిల్లు మీరు భయపడినంత ఉండదు.

ఇక్కడే ఒక్క మాట. కాన్పు ముందే వచ్చేలా ఉంటే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు, బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా తయారవడానికి. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ డాక్టర్లు 1972లో ఇది పనిచేస్తుందని చూపించారు. ఖరీదైన మందు కాదు. వెంటిలేటర్ రోజులు తగ్గించే ఇలాంటి పని జరగాలంటే సమయానికి సరైన హాస్పిటల్లో ఉండాలి. కాబట్టి ఎన్‌ఐసీయూ లేని చోట కాన్పు చవకని వెళ్లడం, తర్వాత పసిపిల్లల్ని అంబులెన్స్‌లో ఇంకో చోటికి మార్చడం, లెక్క ప్రకారం చూసినా తప్పే.

కొత్త ఇన్సూరెన్స్ ఈ కాన్పుకి పనికిరాదు. ప్రసూతి కవర్‌కి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, గర్భం వచ్చాక తీసుకున్న పాలసీ ఆ గడువు దాటేసరికి పిల్లలు పాకుతుంటారు. ఏజెంట్ ఏం చెప్పినా సరే, గర్భం సంగతి దాచి ఫారం నింపొద్దు, తర్వాత క్లెయిములన్నీ పోతాయి. మీ ఇద్దరి కంపెనీలు ఇచ్చే గ్రూప్ పాలసీలు మాత్రం బయటికి తీయండి. వాటిలో ఈ వెయిటింగ్ చాలాసార్లు ఉండదు.

పాలసీ చదివి అర్థం చేసుకోవడానికి కుస్తీ పట్టకుండా, ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి. కాన్పుకి ముందు కాంప్లికేషన్‌తో తల్లి అడ్మిట్ అయితే, లేజర్ చేయాల్సి వస్తే, అది ప్రసూతి పరిమితిలోకే వస్తుందా, మామూలు హాస్పిటల్ ఖర్చు కింద ఇస్తారా? పుట్టిన పిల్లలకు కవర్ మొదటి రోజు నుంచా, కొన్నాళ్ల తర్వాతా? పేర్లు ఎన్ని రోజుల్లోపు చేర్చాలి? ఒక పాలసీలో పరిమితి దాటితే మిగతాది రెండోదాంట్లో అడగొచ్చా? ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ రోజున ఎవరికీ గుర్తుండదు, జవాబు రాతలోనే తీసుకోండి. పిల్లల పేర్లు చేర్చే గడువు మీద ప్రత్యేకంగా కన్నేయండి. ఆ వారాల్లో మీరు ఎన్‌ఐసీయూ బయట కూర్చుని ఉంటారు, తేదీ దాటిపోయేది అప్పుడే.

ఇంటి డబ్బులో ఆరు నెలల ఇంటి ఖర్చు, దానిపైన ఇన్సూరెన్స్ ఇవ్వదని తేలిన మొత్తం విడిగా తీసి, ఆన్‌లైన్‌లో అదే రోజు విరవగలిగే డిపాజిట్లలో, మూడు నాలుగు ముక్కలుగా వేయండి. షేర్లు వద్దు, లాకిన్ ఉన్నవేవీ వద్దు. వడ్డీ తక్కువొస్తుంది, రానివ్వండి.

సెలవుల్ని కూడా డబ్బులాగే చూడండి. టెన్షన్‌తో మీరు ఇప్పుడే సెలవులు పెట్టేస్తే పిల్లలు ఇంటికొచ్చే రోజుకి మీ దగ్గర ఏమీ మిగలదు. స్కాన్ రోజుకి సగం పూట చాలు. మీ భార్య ప్రసూతి సెలవు ఏ రోజు నుంచి లెక్కిస్తారో, పిల్లలు హాస్పిటల్లో ఉన్న రోజులకు అదనంగా ఏమైనా ఇస్తారో ఇద్దరూ హెచ్‌ఆర్‌ని అడగండి.

ఇంకొకటి. దాచిన డబ్బు ఎవరి పేరు మీద ఉంది? ఆవిడ పేరు మీదే ఉంటే, ఓటీపీ ఆవిడ ఫోన్‌కే వస్తుంది, ఆవిడేమో ఆపరేషన్ థియేటర్‌లో ఉంటారు. 20వ వారం లోపు ఖాతాని జాయింట్‌గా మార్చి, మీ ఫోన్ నుంచి ఒకసారి చిన్న మొత్తం పంపి చూసుకోండి.