ఒకే పదార్థం, ఇన్ని రంగులా?

ప్రశ్న: మా ల్యాబ్‌లో ఒక సారు మూడు సీసాలు యూవీ లైటు కింద పెడితే ఒకటి నీలంగా, ఒకటి ఆకుపచ్చగా, ఒకటి ఎర్రగా వెలిగాయి. మూడింట్లోనూ కాడ్మియం సెలినైడే (కాడ్మియం, సెలీనియం కలిసిన పదార్థం) అన్నారు. రంగు కలిపారేమోనని మా డౌటు.
– బీఎస్సీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: కలపలేదమ్మా, తేడా అంతా సైజుదే. ఆ సీసాల్లో ఉన్నవి క్వాంటం డాట్లనే అతిబుల్లి స్ఫటిక రేణువులు. రేణువు సుమారు 2 నానోమీటర్లుంటే (నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు) నీలం, 6 దాకా పెరిగితే ఎరుపు. చోటు ఇరుకైన కొద్దీ ఎలక్ట్రాన్ శక్తి మెట్ల మధ్య ఎడం పెరుగుతుంది, వెలువడే కాంతికి శక్తి ఎక్కువవుతుంది, అందుకే అది నీలం వైపు జరుగుతుంది.

అసలు సరదా తయారీలో ఉంది. 1993లో రసాయన శాస్త్రవేత్త మౌంగీ బావెండి బృందం చూపిన పద్ధతిలో, దాదాపు 300 డిగ్రీల వేడి ద్రావకంలోకి కాడ్మియం, సెలీనియం ఉన్న ద్రావణాన్ని సిరంజితో ఒక్కసారిగా కొడతారు, బుల్లి స్ఫటికాలన్నీ ఒకేసారి పుడతాయి, వేడి కాస్త పడిపోవడంతో కొత్తవి పుట్టడం ఆగి, ఉన్నవే మెల్లగా ఎదుగుతాయి. ఫ్లాస్కులో రంగు పసుపు, నారింజ, ఎరుపుగా మారుతూ కళ్లముందే కనిపిస్తుంది. మీ ఇంట్లో అరిసెల పాకం చూస్తారుగా, ఎప్పుడు దించామన్నదే లెక్క, ఇదీ అంతే! దీనికే బావెండికి మరో ఇద్దరితో కలిపి 2023లో నోబెల్ వచ్చింది.

అన్నట్టు, కాడ్మియం విషం. ఆ సీసాలు కడిగిన నీళ్లు కాలవలో పొయ్యనివ్వకండి.