వార్మ్ వస్తోందంటున్నారు... షాపు మూసేయాలా?

ప్రశ్న: మాది డీటీపీ సెంటర్. నాలుగు కంప్యూటర్లూ విండోస్ 7వే. పేజ్‌మేకర్, అను ఫాంట్లు వాటిలో బాగా నడుస్తున్నాయని మార్చలేదు. అన్నీ ఒకే రౌటర్‌కి కలిపి ఉన్నాయి. "కొత్త వార్మ్ వస్తోంది, రెండ్రోజులు కంప్యూటర్లు ఆన్ చేయొద్దు" అని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: షాపు మూయనక్కర్లేదండీ. మూడో రోజు ఆన్ చేసినా విండోస్‌లోని లోపం అక్కడే ఉంటుంది, వార్మ్‌కి కావలసింది అదే. మామూలు వైరస్ మనం ఫైలు తెరిస్తే లోపలికొస్తుంది. వార్మ్ మాత్రం ఒక కంప్యూటర్లో దూరితే చాలు, పక్కవాటిని తనే వెతుక్కుంటుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే వార్మ్ 2017 మే 12న అలాగే పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కాయి. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది, వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు.

ముందుగా రౌటర్‌కి వచ్చే ఇంటర్నెట్ కేబుల్ తీసేయండి. షాపులో ఫైళ్లు పంచుకోవడం, ప్రింట్లు మామూలుగానే సాగుతాయి. తర్వాత పెళ్లికార్డులు, పుస్తకాల ఫైళ్లు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, పని కాగానే డిస్క్ ఊడదీయండి. చాలామంది ఇక్కడే పొరపడతారు: తగిలించి ఉంచిన డిస్క్‌ని కూడా వానాక్రై లాంటివి లాక్ చేసేస్తాయి.

ఇక అప్‌డేట్. కంట్రోల్ ప్యానెల్‌లో ఇన్‌స్టాల్డ్ అప్‌డేట్స్ తెరిచి వానాక్రై వాడుకున్న లోపాన్ని పూడ్చే అప్‌డేట్, అంటే కేబీ4012212 గానీ, కేబీ4012215 గానీ ఉందేమో చూడండి. లేకపోతే ఇంటర్నెట్ ఉన్న వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ వెబ్‌సైట్ నుంచే దించి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవాలి. మీది 32 బిట్టో 64 బిట్టో ముందే చూసుకోండి. సర్వీస్ ప్యాక్ 1 (విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన పెద్ద అప్‌డేట్) లేకపోతే "ఈ కంప్యూటర్‌కి వర్తించదు" అంటుంది. ఆ తర్వాతి నెలల రోలప్ (అప్‌డేట్లన్నీ కలిపిన మూట) ఏదైనా ఇప్పటికే ఉన్నా అదే మాట వస్తుంది, అప్పుడు కంగారు వద్దు.

అయితే విండోస్ 7కి మామూలు అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. ఆ తర్వాత బయటపడ్డ లోపాలకు మీ దగ్గర మందు లేదు. అందుకే ఈ నాలుగింటికీ ఇకమీదట ఇంటర్నెట్ ఇవ్వకండి. మెయిల్, వాట్సాప్‌ల కోసం విండోస్ 11 కంప్యూటర్ ఒకటి విడిగా పెట్టుకోండి. దాన్ని షాపు రౌటర్‌కి కలపొద్దు, ఫోన్ హాట్‌స్పాట్ చాలు. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు అందులోనే పెట్టి, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో స్కాన్ చేసి, కావలసిన ఫైలొక్కటే షాపు సొంత పెన్‌డ్రైవ్‌లో ఇటు తెచ్చుకోండి.

ఎప్పుడైనా తెరమీద డబ్బు అడిగే ఎర్ర బోర్డు కనిపిస్తే, మొదట ఆ కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ లాగేయండి. మిగతా మూడూ దక్కే అవకాశం ఉంటుంది.