మిల్టన్‌లో ఇల్లు, ఎన్నికల్లో రైలు

సందేహం: పీఆర్ (శాశ్వత నివాసం) మీద గత ఏడాది కెనడా వచ్చాం. టొరంటో పక్కన మిల్టన్‌లో ఇల్లు చూస్తున్నాం. ఇక్కడ గెలిచింది అధికార పార్టీవాళ్ళే, రోజంతా నడిచే రైలు వచ్చేస్తుంది, ఇప్పుడే కొనేయండి అంటున్నాడు ఏజెంటు. నమ్మవచ్చా? మాకు ఓటుంటుందా?

జవాబు: ఓటు లేదు. సిటిజన్‌షిప్ వచ్చాకే. పేరు పొరపాటున జాబితాలోకి ఎక్కినా వెయ్యకండి, రేపటి సిటిజన్‌షిప్ దరఖాస్తుకే ఎసరు. మిగతా నియమాలు ఇక్కడి రాష్ట్ర ఎన్నికల సంస్థ ఎలక్షన్స్ ఓంటారియో సైట్‌లో చదువుకోవచ్చు. మీ జేబుకి చిల్లు పెట్టేది మొదటి ప్రశ్న, దాని దగ్గరే కాసేపు కూర్చుందాం.

మెట్రో వస్తుందన్న పుకారుకే ప్లాటు కొనే హైదరాబాద్ అలవాటు మనవాళ్ళకి విమానం ఎక్కినా పోదు. అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ నియోజకవర్గం చరిత్ర చూడండి. 2001లో మిల్టన్ జనాభా 31 వేలు. ఓంటారియో సరస్సు నీళ్ళు పైపులో వచ్చాక ఇళ్ళు పుట్టగొడుగుల్లా లేచాయి. 2011కి 84 వేలు, 2021కి లక్షా 33 వేలు. అప్పట్లో ఇది హాల్టన్ అనే పెద్ద నియోజకవర్గంలో ఉండేది. కన్సర్వేటివ్ పార్టీ టెడ్ చడ్లీ అక్కడ 2014 దాకా గెలుస్తూనే వచ్చారు. ఓంటారియో రాష్ట్రంలో మాత్రం 2003 నుంచి లిబరల్ ప్రభుత్వం. అంటే ఊరు అంతగా పెరిగిన ఏళ్ళలో దాని ప్రతినిధి కూర్చున్నది ప్రతిపక్షంలో.

2014లో లిబరల్ ఇందిరా నైడూ-హారిస్ గెలిచారు. డర్బన్‌లో పుట్టిన ఆవిడ పేరులో మన నాయుడు కనిపించిందని మురిసిపోయినవాళ్ళూ ఉన్నారు, దానికీ రైలుకీ సంబంధం లేదు. 2018 జనవరిలో విద్యామంత్రి అయ్యారు, జూన్‌లో ఓడిపోయారు. నియోజకవర్గాలు 107 నుంచి 124కి పెరిగి, మిల్టన్ తన పేరుతో వేరుపడిన మొదటి ఎన్నిక అదే. గెలిచింది కన్సర్వేటివ్ పార్మ్ గిల్. 2022లోనూ ఆయనే. ఫెడరల్‌కి, అంటే కేంద్ర పార్లమెంటుకి, పోటీ చేస్తానని మధ్యలో రాజీనామా చేస్తే 2024 మే 2న ఉప ఎన్నిక వచ్చింది. అందులో ఆ పార్టీకే చెందిన జీ హమీద్, నైడూ-హారిస్ గారి కొడుకు గేలెన్ మీద గెలిచారు. మళ్ళీ 2026 జూన్‌లో రావలసిన ఎన్నిక 2025 ఫిబ్రవరి 27కే ముంచుకొచ్చింది, సీటు హమీద్‌దే.

ఇప్పుడు లెక్క కట్టండి. 2014 నుంచి ఈ సీటు ఎప్పుడూ అధికార పక్షంతోనే ఉంది, ఒకసారి లిబరల్‌తో, ఆ తర్వాత కన్సర్వేటివ్‌తో. రైలు మాత్రం 1981లో మొదలైన పద్ధతిలోనే నడుస్తోంది. పనిరోజుల్లో పొద్దున టొరంటోకి, సాయంత్రం వెనక్కి, మిగతా వేళ బస్సు. ఎందుకంటే ఆ పట్టాలు ప్రభుత్వానివి కావు. కెనడియన్ పసిఫిక్ (ఇప్పుడు సీపీకేసీ) కంపెనీ గూడ్స్ రైళ్ళు తిరిగే ముఖ్యమైన దారి అది. అదనపు పట్టాలు వేస్తే తప్ప రోజంతా రెండు వైపులా ప్రయాణికుల రైళ్ళు నడపలేరు. వాటికి డబ్బెవరు పెట్టాలన్నది ఫెడరల్‌కీ ఓంటారియోకీ మధ్య నలుగుతూనే ఉంది. 2024 ఉప ఎన్నికలోనూ ఇదే మాట. కాబట్టి ఇల్లు కొనేటప్పుడు రైలు రాదనుకునే బడ్జెట్ వేయండి. షిఫ్టు మధ్యాహ్నం మొదలయ్యేవాళ్ళకి రెండో కారు, దాని ఇన్సూరెన్సు, పార్కింగ్ నెలనెలా తప్పవు. ఇద్దరి జీతాలు చూపించి తెచ్చిన మార్ట్‌గేజ్ మీద ఆ బరువు పడితే ఏమవుతుందో ఏజెంటు చెప్పడు.

కొత్తవాళ్ళు ఎక్కువగా పొరబడే చోటు ఇంకొకటి. హమీద్ లాంటివారిని ఇక్కడ ఎంపీపీ అంటారు, మండల పరిషత్ అధ్యక్షుడు కాదు, మన ఎమ్మెల్యే లెక్క. హెల్త్ కార్డు, లైసెన్సు, బడి, రైలు సమస్యలకి ఆ ఆఫీసు. ఓటు లేకపోయినా మీ పని చూస్తారు, పైసా ఖర్చుండదు. అమ్మానాన్నల సూపర్ వీసా, పీఆర్ కార్డు ఆలస్యం పట్టుకుని అక్కడికి వెళితే తిప్పి పంపుతారు, అవి ఎంపీ పని. మీ ఎంపీ ఎవరో కూడా వీధిని బట్టి మారుతుంది. 2025 ఏప్రిల్ ఫెడరల్ ఎన్నికకి పాత మిల్టన్‌ని చీల్చి మిల్టన్ ఈస్ట్–హాల్టన్ హిల్స్ సౌత్, బర్లింగ్టన్ నార్త్–మిల్టన్ వెస్ట్ అని చేశారు. ప్రావిన్స్ (రాష్ట్ర) ఎన్నికకి పాత హద్దులే ఉంచారు. పోస్టల్ కోడ్ కొట్టి చూసుకోండి.

ఎన్నికల ముందు డబ్బు పంచడం ఇక్కడా ఉంది, కాకపోతే చట్టప్రకారం, అందరికీ. 2022 జూన్ ఎన్నికకి మూడు నెలల ముందు కారు ప్లేటు స్టిక్కర్‌కి ఏడాదికి కట్టే 120 డాలర్లు తీసేశారు, అంతకు ముందు రెండేళ్ళలో కట్టిందీ తిరిగిచ్చారు. 2025 మొదట్లో మనిషికి 200 డాలర్ల చెక్కు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి 800. పీఆర్ అయినా వచ్చింది, కానీ పెద్దవాళ్ళు 2023 ట్యాక్స్ రిటర్న్ వేసి ఉంటేనే. జీతం లేదు కదా అని భార్య రిటర్న్ వదిలేసిన ఇళ్ళలో ఆవిడ చెక్కు రాలేదు. ఇక్కడ భార్యాభర్తలు విడివిడిగా వేయాలి, ఇలాంటి డబ్బు రావాలంటే ఆదాయం సున్నా అయినా సరే, ఏప్రిల్ 30 లోపు.