లెక్కలో 4 మిల్లీసెకన్లు, కొలిస్తే 40 ఎందుకు?

తమ్ముడూ, మీ గుంటూరు హాస్టల్ నెట్‌వర్క్ లింకులో ప్యాకెట్ల జాప్యం లెక్కలో 4 మిల్లీసెకన్లు వచ్చి, కొలిస్తే 40 వచ్చిందన్నావు. నువ్వు వేసిన లెక్క సరిగ్గానే ఉంది. సెకనుకు 1,250 ప్యాకెట్లు పంపగల లింకుకు 1,000 వస్తుంటే ఎం/ఎం/1 (ఒకే సర్వర్ ఉన్న క్యూ నమూనా) ప్రకారం సగటు జాప్యం 1/(1250−1000), అంటే 4 మిల్లీసెకన్లే. తేడా ఆ నమూనాలోని పాయసాన్ ఊహలో ఉంది, అంటే ప్యాకెట్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయన్న ఊహలో. నిజానికి ప్యాకెట్లు దేని దారిన అది రావు. విజయవాడ స్టేషనులో రైలు ఆగగానే ఆటోల వైపు కదిలే జనంలా గుంపులుగా వస్తాయి. అమెరికా టెలికాం పరిశోధన సంస్థ బెల్‌కోర్‌లోని ఈథర్నెట్ (స్థానిక నెట్‌వర్క్) కొలతలతో లీలాండ్ బృందం 1994 నాటి పత్రంలో చూపింది ఇదే: సెకన్ల మీద సగటు తీసినా, నిమిషాల మీద తీసినా ఆ ఎగుడుదిగుళ్లు చదును కావు.

నీ ప్యాకెట్ల రికార్డును 10, 100, 1000 మిల్లీసెకన్ల ముక్కలు చేసి, ముక్కల్లోని ప్యాకెట్ల సగటుల వేరియన్స్‌ను (అవి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) ముక్క పొడవుకు ఎదురుగా లాగ్-లాగ్ గ్రాఫు (రెండు అక్షాలూ లాగరిథమ్ స్కేలులో ఉన్నది) మీద వేసి చూడు. వాలు −1 దగ్గరుంటే పాయసాన్ చాలు. −0.4 వస్తే హర్స్ట్ విలువ (ఎగుడుదిగుళ్లు ఎంత దీర్ఘకాలం కొనసాగుతాయో చెప్పే అంకె) 0.8, అప్పుడు ఆకార విలువ 1.4 ఉన్న పారెటో ఆన్-ఆఫ్ వనరులతో (కాసేపు పంపి కాసేపు ఆగేవి, ఆ వ్యవధులు అప్పుడప్పుడు చాలా పొడవుగా ఉంటాయి) సిమ్యులేషన్ మళ్లీ నడుపు. బఫర్ (ప్యాకెట్లు వేచి ఉండే చోటు) పెంచడాన్ని మాత్రం నమ్ముకోకు, దానివల్ల జాప్యమే పెరుగుతుంది.