టరంటులాకు పెట్టె కొనే ముందు

చిత్తూరు

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

తిరుపతిలో చేపలు అమ్మే దుకాణంలో చూసిన రెండడుగుల గాజు తొట్టి, నీవు పెంచుకోవాలనుకుంటున్న టరంటులా అనే పెద్ద సాలీడుకు పనికివస్తుందా అని అడిగావు. దాని పొడవు సంగతి అటుంచు, ఎత్తే నాకు నచ్చలేదు. నీవు తెచ్చుకోబోయేది నేల మీద తిరుగుతూ బొరియలో తలదాచుకునే జాతి. రాత్రిపూట అది గోడ ఎగబాకి జారిపడితే పొట్ట చిట్లి ప్రాణం పోవచ్చు. పైకి ఎంత మొరటుగా కనిపించినా ఆ పొట్ట నీళ్లు నిండిన పలుచని తిత్తి లాంటిది. అందుచేత మట్టికీ మూతకీ మధ్య ఖాళీ, కాళ్లు చాపితే ఎంత ఉంటుందో దానికి ఒకటిన్నర రెట్లు దాటకుండా చూసుకో. నాలుగు అంగుళాల సాలీడుకు 12 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల ఎత్తు ఉన్న పెట్టె తీసుకుని, అందులో ఐదారు అంగుళాల మేర కొబ్బరి పొట్టు నింపితే లెక్క సరిపోతుంది.

ఆ పొట్టు మన నర్సరీలలో ఇటుకల రూపంలో దొరుకుతుంది. ఎరువు కలపనిదే అడిగి తెచ్చుకుని, నానబెట్టి, పిడికిట పిండితే చుక్క కారనంత వరకు ఆరబెట్టు.

చెట్టు తొర్రల్లో ఉండే జాతులకు మాత్రం నిలువు పెట్టె, అందులో నిలబెట్టిన బెరడు కావాలి. 1899లో పోకాక్ అనే జంతుశాస్త్రవేత్త వర్ణించిన మన గుత్తి నీలి సాలీడు అటువంటిదే. అది అంతరించిపోయే స్థితిలో ఉన్నది కనుక నల్లమల నుంచి గాని, నీకు దగ్గరని శేషాచలం నుంచి గాని ఏ సాలీడునూ పట్టి తెచ్చే ఆలోచన పెట్టుకోకు; పెంపకంలో పుట్టినదానినే కాగితాలు చూసుకుని కొను.

మూత విషయంలో నేను చేసిన తప్పు నీవు చేయవద్దు. మొదట్లో ఇనుప వల మూత ఉన్న తొట్టి కొన్నాను. ఒక రాత్రి లైటు వేసి చూస్తే, వెనుక కాలి గోరు వల కంతలో ఇరుక్కుని, సాలీడు తలకిందులుగా గింజుకుంటోంది. నేను చెయ్యి పెట్టేలోగా ఆ కాలును అక్కడే వదిలేసి కింద పడింది. అదృష్టం బాగుండి పొట్టకు దెబ్బ తగలలేదు, తరువాత కుబుసం విడిచినప్పుడు కాలు చిన్నదిగా మళ్లీ మొలిచింది. అప్పటి నుంచి గట్టి గొళ్లెం ఉన్న యాక్రిలిక్ మూతలే వాడుతున్నాను. గాలి కోసం ఎదురెదురు గోడలకు మూడు మిల్లీమీటర్ల రంధ్రాలు వేయించి, లోపలి వైపు పొడుచుకు వచ్చే అంచులను ఉప్పుకాగితంతో నున్నగా రుద్దించు. మూతకు మాత్రమే రంధ్రాలుంటే నవంబరు ముసురులో లోపల బూజు పట్టక మానదు.

మీ ఇల్లు పై అంతస్తు కదా. మే నెలలో తిరుపతి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది కనుక కిటికీ పక్కన పెట్టావంటే పెట్టె కాస్తా పొయ్యి అవుతుంది. లోపలి గదిలో, నేలకు దగ్గరగా ఉంచు. చీమల మందు ఆ గదిలోకే రానీయకు, అది సాలీడును కూడా చంపుతుంది. చీమలు ఎక్కకుండా, మీ అమ్మమ్మ పాల గిన్నెకు చేసినట్టే బల్ల కాళ్ల కింద నీళ్ల పళ్లాలు పెట్టు.

పెట్టెను వారం ముందే సిద్ధం చేసి, బూజు రావడం లేదని తేలాకే సాలీడును తెచ్చుకో. కొనే ముందు కొలతలు నాకు రాసి పంపు.

ఇట్లు,
మీ మామ