వర్లింగ్టన్‌లో నలుగురూ కలిసి ఆడవచ్చు

మీరు నలుగురు మిత్రులు కేంబ్రిడ్జ్ నుంచి ఇంగ్లండ్‌లోనే ఉన్న రాయల్ వర్లింగ్టన్ అండ్ న్యూమార్కెట్ గోల్ఫ్ క్లబ్‌కు వెళ్దామనుకున్నారనీ, అక్కడ నలుగురూ ఎవరి బంతితో వారు ఆడే నాలుగు బంతుల ఆటకు అనుమతి లేదని తెలిసి ఆగిపోయారనీ రాశారు. ఆగవలసిన పని లేదు. ఇద్దరేసి చొప్పున రెండు జట్లుగా విడిపోయి, జట్టుకు ఒక్కొక్క బంతితో, భాగస్వాములు వంతులవారీగా కొట్టుకునే ఫోర్‌సమ్స్ పద్ధతిలో మీరు నలుగురూ కలిసే ఆడవచ్చు. ఆ క్లబ్ ఎంతో ఇష్టంగా కాపాడుకుంటూ వస్తున్న సంప్రదాయమే అది.

మామూలుగా ఉండే పద్దెనిమిది హోల్స్‌కు (బంతిని చేర్చవలసిన గుంతలకు) బదులు తొమ్మిదే ఉన్నాయన్న దిగులు కూడా వద్దు. 1893లో ఏర్పడి, 1901 నుంచి కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ జట్టుకు నెలవైన ఆ మైదానాన్ని రెండుసార్లు చుడితే పద్దెనిమిది పూర్తవుతాయి. ఇసుక నేల వాన నీటిని ఇట్టే పీల్చుకుంటుంది కనుక చలికాలంలోనూ ఆట బాగా సాగుతుంది. ఐదో హోల్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఒక్క బంకర్ (ఇసుక గొయ్యి) కూడా లేని ఆ చిన్న పార్-3లో, అంటే మూడు దెబ్బల్లో ముగించవలసిన హోల్‌లో, గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) సన్నగా, వీపులా ఉబ్బి ఉంటుంది. ఏ కాస్త పక్కకు పడినా బంతి వాలు వెంట కిందికి జారిపోతుంది.

బయలుదేరే ముందు క్లబ్ కార్యాలయానికి రాసి, అతిథులను అనుమతించే రోజులు, రుసుము, దుస్తుల నియమాలు కనుక్కోండి. మీ ఆట స్థాయిని తెలిపే హ్యాండిక్యాప్ పత్రం దగ్గర ఉంచుకోవడం మంచిది.